ఆ ఏడు మా వీధి పచ్చళ్ళు బూజు పట్టిన సంగతి

పదిరోజుల కిందట గొంతు నొప్పి వస్తే మందుల షాపుకి వెళ్ళాను. కౌంటరు వెనకున్న కుర్రాడు నా నోట్లోకి చూడలేదు, మొహంలోకీ చూడలేదు. ఫోన్లోకి చూస్తూ, "మామూలుది ఇమ్మంటారా, స్ట్రాంగ్‌దా?" అన్నాడు, కాఫీ సంగతి అడిగినట్టు. చదువుకున్నదాన్ని, నలభై దాటినదాన్ని. స్ట్రాంగ్‌దే ఇమ్మన్నాను.

గొంతు తగ్గింది. ఇవాళ పొద్దున సాంబారు పెడుతూ ఉప్పు చూస్తే ఏమీ తెలియలేదు. వేడినీళ్ళు తాగినట్టుంది. అద్దం ముందు నాలుక బయటపెట్టి చూసుకున్నాను. తెల్లగా, పెరుగు తోడుకున్నట్టు ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఇంతకుముందు దాన్ని రెండు చోట్ల చూశాను: మా నాయనమ్మ నోట్లో, ఎదురింటివాళ్ళ పచ్చడి జాడీలో.

మా ఊళ్ళో శివరాత్రి ముందు రోజుల్లో గాలిలో కారం ఉండేది. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటే, గుంటూరు బస్సు దిగిన కొత్తవాళ్ళు ముందు తుమ్మేవాళ్ళు, తర్వాతే పలకరించేవాళ్ళు. మేం తుమ్మేవాళ్ళం కాదు. ఇంకే గొప్పా లేనివాళ్ళం కాబట్టి దాన్నే పెద్ద గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

ఆ రోజుల్లోనే ప్రతి ఇంట్లోనూ పండుమిరపకాయ పచ్చడి పెట్టేవాళ్ళు. కాయలు కడిగి, గుడ్డమీద ఆరబెట్టి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో తొక్కి జాడీకెత్తేవాళ్ళు. మూడో రోజు తీసి మళ్ళీ నూరేవాళ్ళు. ఇక జాడీ మూతికి గుడ్డ చుట్టి వాసెన కట్టేసే ముందు ఒకే ఒక్క పని మిగిలేది, ఉప్పు చూడటం. నాలుకలు అందరికీ ఉన్నాయి. కానీ మా వీధిలో ఏడిళ్ళకీ 'సరిపోయింది' అనే మాట అనే హక్కు మా నాయనమ్మ ఒక్కదానికే ఉండేది.

ఆమె వస్తే పీట వేసేవాళ్ళు. అరచేతిలో రేగిపండంత ముద్ద పెట్టించుకుని, నాలుక చివర తగిలించుకుని, కళ్ళు మూసుకునేది. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. తర్వాత "ఇంకో చారెడు" అనో, "సరిపోయింది" అనో అనేది. కళ్ళెందుకు మూసుకుంటావని ఒకసారి అడిగాను. "మూసుకోకపోతే వీళ్ళు నమ్మరే" అంది. మా వంశంలో నాకు నచ్చిన మనిషి ఈమె ఒక్కతే కావడానికి ఇదే కారణం.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆమె కాల్లో మోడు దిగింది. పత్తికట్టె పీకేసిన పొరుగువాళ్ళ చేలో మిగిలిపోయిన మోడు, చెప్పుని కూడా చీల్చుకుని అరికాల్లోకి పోయింది. రెండు రోజులు పసుపు పెట్టుకుని ఎవరికీ చెప్పలేదు. మూడో రోజుకి పాదం వాచి చీము పట్టింది. డాక్టర్ని పిలిచారు.

మా ఊరి డాక్టరు ఆరెంపీ. ఆయన ఏం చదివాడో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మర్యాదకు కాదు, అడిగితే సూది గట్టిగా పొడుస్తాడని. మోపెడ్ మీద వచ్చి, కాలిని చూసి, కట్టు కట్టి, సూదిచేసి, ఎరుపూ నలుపూ కలిసిన గొట్టం మాత్రలు ఇచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చి కట్టుని చూసేవాడు. కట్టునే, కట్టు కింద ఉన్నదాన్ని కాదు.

వాపు తగ్గలేదు. అప్పుడు రంగంలోకి మా బాబాయి దిగాడు. బాబాయి పత్తి రైతు. ఆయన శాస్త్రమంతా పురుగుమందుల కొట్టు ముందు బల్లమీద నేర్చుకున్నది. పురుగు చావకపోతే కంపెనీ మార్చాలి. అప్పటికీ చావకపోతే రెండు మందులు కలిపి కొట్టాలి. ఆ ఏడు ఆయన చేలో కాయపురుగు అన్ని కంపెనీల మందుల్లోనూ స్నానం చేసి, మళ్ళీ వచ్చి కాయ తింటూనే ఉంది. అయినా ఆయన నమ్మకం సడలలేదు. నాయనమ్మ మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, గట్టుమీద నుంచి చేను చూసినట్టు చూసి, "కంపెనీ మార్చి చూడండి డాక్టరు గారూ" అన్నాడు.

నాలుగు రోజులయ్యాక, "రెండూ కలిపి కొడితే?" అన్నాడు.

ఇదేం అడగడమని డాక్టరు విసుక్కుంటాడనుకున్నాను. ఆయన బాగా ఆలోచించి, కొట్టొచ్చన్నాడు. ఇద్దరు మగవాళ్ళు ఒక ముసలామె కాలి గురించి అరగంట మాట్లాడుకున్నారు. ఆమెని మాత్రం ఒక్క మాట అడగలేదు. పత్తి మొక్కని ఎవరు అడుగుతారు?

ఈ వైద్యం వల్ల లాభపడింది నేనొక్కదాన్నే. ఖాళీ ఇంజక్షను సీసాలూ, గొట్టాల రేకులూ నాకొచ్చేవి. సీసాల్లో రంగునీళ్ళు పోసి అరుగుమీద పురుగుమందుల కొట్టు పెట్టాను. ఎదురింటి పిల్లలు రైతులు. పురుగు చావట్లేదని వాళ్ళు వస్తే కంపెనీ మార్చమని చెప్పేదాన్ని. వ్యాపారం బాగా సాగేది.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం, చేయడానికి ఇంకే వెధవ పనీ దొరక్క, నాయనమ్మ పాలల్లో చక్కెర బదులు ఉప్పు వేశాను, రెండు చెంచాలు. ఇచ్చేసి తలుపు వెనక నిలబడ్డాను. ఇప్పుడు ఉమ్మేసి నా ఏడుతరాల్నీ తిడుతుందని. ఏడుతరాలు తిడితే ఆమె కూడా అందులోనే వస్తుంది కదా, అది వినాలని నా సరదా.

గ్లాసు మొత్తం తాగింది. మూతి తుడుచుకుంది. గ్లాసు కింద పెట్టింది.

అడుగున మిగిలిన చుక్క నేను చప్పరించాను. బాపట్ల సముద్రం నోట్లోకొచ్చినట్టు ఉంది. వెళ్ళి, అందులో ఉప్పేశానని ఒప్పుకున్నాను. తలుపు దగ్గరికెయ్యమంది. వేశాక నాలుక బయటపెట్టింది. నాలుకంతా తెల్లగా, గీకితే ఊడొచ్చే పొరలాగా ఉంది. బుగ్గల లోపల కూడా అదే.

"నాలుగు రోజులైంది. ఉప్పు లేదు, పులుపు లేదు. కారం తగిలితే మంట, అంతే."

డాక్టరుకి చెప్పమన్నాను.

"చెప్తే ఊరంతా చెప్తాడు. ఎల్లుండి నుంచి పచ్చళ్ళకి ఉప్పెవరు చూస్తారు? ఆ మూలింటిది చూస్తుంది."

మూలింటావిడ ఇరవై ఏళ్ళుగా ఈ అవకాశం కోసం కాచుకుని ఉందని మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు. నాయనమ్మ చావుకి భయపడే మనిషి కాదు, మూలింటావిడకి భయపడే మనిషి. అందుకని ఒక ఏర్పాటు చేసింది. నన్ను వెంట తీసుకెళ్తుంది. తన అరచేతిలో పెట్టించుకున్న ముద్దలోంచి, "పిల్లకి కూడా కాస్త" అని నా నోట్లో పెడుతుంది. తను కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు నేను ఆమె చెయ్యి నొక్కాలి. ఒక్కసారి నొక్కితే ఉప్పు చాలలేదని. రెండుసార్లు నొక్కితే సరిపోయిందని.

ఒక పొద్దుటి పూట ఏడిళ్ళూ తిరిగాం. ఆమె నా భుజం పట్టుకుని కుంటుతూ నడుస్తుంటే, మనవరాలంటే ఎంత ప్రేమో అని ఆడవాళ్ళు మెటికలు విరిచారు. మొదటి ఇంట్లో ఒక్కసారి నొక్కాను. "ఇంకో చారెడు" అంది. నా జీవితంలో అంత అధికారం మళ్ళీ ఎప్పుడూ చేతికి రాలేదు. రెండో ఇంట్లో కూడా బాగానే చూశాను. మూడో ఇంటికి నాలుకకి నిప్పంటుకుంది. ముక్కూ కళ్ళూ కారుతున్నాయి. బెల్లం ముక్క అడిగితే, గుంటూరు పిల్లవి కారానికి ఏడుస్తావా అని నవ్వారు. నాలుగో ఇంటికి నా నోట్లో ఉప్పూ లేదు, పులుపూ లేదు, ఉన్నదంతా మంటే. ఒకసారి నొక్కితే ఉప్పు తెస్తారు, కలుపుతారు, మళ్ళీ నోట్లో పెడతారు. రెండుసార్లు నొక్కితే బయటపడొచ్చు. మూడో ఇంటి నుంచి ఏడో ఇంటి దాకా రెండుసార్లే నొక్కాను. ఏడో ఇల్లు మాదే.

తర్వాత వారంలో ఆమె నోరు పూర్తిగా పోయింది. మింగితే గొంతులో మంట. అన్నం మానేసింది, జావ మానేసింది, మంచినీళ్ళకి కూడా మొహం చిట్లించేది. దాచడం కుదరక డాక్టరుకి నాలుక చూపించారు. ఆయన టార్చి వేసి చూసి ప్రకటించాడు: "ఇన్ఫెక్షను కాలి నుంచి నోటిదాకా పాకింది."

ఏ దారిన పాకిందని బాబాయి అడిగాడు. రక్తం ద్వారా అన్నాడు. మధ్యలో ఇంత పొట్టా, ఇంత ఛాతీ వదిలేసి సరాసరి నాలుక మీద ఎందుకు దిగిందో ఎవరూ అడగలేదు. అందరూ భక్తిగా తలలూపారు. ఇంకా పెద్ద మందు రాశాడు.

వీధి ఆడవాళ్ళది వేరే శాస్త్రం. వాళ్ళ లెక్కలో ఇదంతా వేడి. సబ్జా గింజలు తాగించమన్నారు, నడినెత్తిన ఆముదం పెట్టమన్నారు. ఆ మందులు మొదలెట్టాకే కదా ఇలా అయింది, నాలుగు రోజులు ఆపి చూద్దామా అని మా అమ్మ ఒకసారి అంది. అమ్మ ఆ ఇంటి కోడలు కాబట్టి ఆ మాట ఎవరికీ వినపడలేదు.

మంగళగిరి నుంచి మా అత్త వచ్చింది. బస్టాపు దగ్గరే ఏడుపు మొదలెట్టి, వీధంతా ఏడ్చుకుంటూ వచ్చి, గుమ్మంలో ఆపి, చెప్పులు ఎక్కడ విడవమంటారని అడిగి, మళ్ళీ అందుకుంది. చూడటానికి వచ్చినవాళ్ళు బ్రెడ్డూ బత్తాయిలూ తెచ్చేవాళ్ళు. మింగలేని మనిషికి బ్రెడ్డు తేవడంలో ఉన్న తెలివిని నేను గౌరవించి, అంతా నేనే తిన్నాను. వసారాలో అత్తా బాబాయీ ఎవరెవరికి కబురు చేయాలో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. మా వాళ్ళు గొంతు తగ్గిస్తే రెండిళ్ళ అవతలికే వినిపిస్తుంది.

నాకు మాత్రం ఆ రోజుల్లో బ్రెడ్డు గొంతు దిగేది కాదు. దిగలేదని మానేశానని కాదు, దిగకపోయినా తిన్నాను. నాయనమ్మ ముంజేతులు పత్తికట్టెల్లా అయిపోయాయి. ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, చచ్చిపోతావా అని అడిగాను.

"తెలియదే. తెలిస్తే ముందు మీ అత్తని ఊరికి పంపించేదాన్ని" అంది.

ఆ మర్నాడు ఎదురింటావిడ జాడీ ఎత్తుకుని వచ్చింది. ఎలా ఉంది పెద్దమ్మా అని ఒక్క గుక్కలో అడిగేసి, జవాబు కోసం ఆగకుండా వాసెన విప్పి మూత తీసింది. ఎర్రటి పచ్చడి మీద తెల్లగా, దూదిలాగా బూజు.

"మీరు సరిపోయిందంటేనే వాసెన కట్టాం పెద్దమ్మా."

వెనకే ఇంకో ఇద్దరు నిలబడ్డారు. వాళ్ళ జాడీలూ అంతేనట. ప్రాణం మీదికొచ్చిన మనిషి ముందు పెట్టాల్సిన పంచాయితీ ఇదేనా అని బాబాయి వాళ్ళ మీద లేచాడు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు చెప్పేస్తుంది, ఉప్పు చూసింది నేను కాదు, ఇదిగో ఇది అని.

నాయనమ్మ నా వైపు చూడలేదు. జాడీ దగ్గరికి తెమ్మంది. వంగి చూసింది, వాసన చూసింది. తర్వాత అద్దం అడిగింది. అద్దంలో నాలుక చూసుకుంది, జాడీలోకి చూసింది, మళ్ళీ నాలుక చూసుకుంది. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆమెకి మతి పోయిందనే అనిపించి ఉంటుంది. అత్త ఏడవడానికి సిద్ధమైంది.

"ఉప్పు తగ్గితే పచ్చడికి బూజు పడుద్ది" అంది నాయనమ్మ నెమ్మదిగా. "నా నోట్లో ఏం తగ్గిందిరా?"

"ఏం తగ్గుద్దమ్మా? మందులు పెంచుతూనే ఉన్నాం కదా" అన్నాడు బాబాయి.

"అదే. నోటికి కాపలా ఉన్నదాన్ని దేన్నో చంపేశారు మీరు. గుంటూరు పోదాం పదండి. ఆ జాడీ కూడా తీసుకురండి."

గుంటూరు బ్రాడీపేటలో మేడమీద కోచింగు సెంటరు, కింద క్లినిక్కు. పైన పిల్లలు లెక్కలు వల్లెవేస్తున్న గోల. డాక్టరమ్మ చిన్నది, మా అత్త కన్నా చిన్నది. బల్లమీద జాడీ పెట్టగానే ఏంటండి ఇది అంది.

"నా నోరు" అంది నాయనమ్మ.

డాక్టరమ్మ నవ్వలేదు. మూత తీసి చూసింది, టార్చి వేసి నోరు చూసింది, మళ్ళీ జాడీ చూసింది. ఇంతవరకూ ఏం మందులు వాడారంది. ఎర్రదీ నల్లదీ కలిసింది, తర్వాత తెల్లది, తర్వాత కంపెనీ మార్చాం, తర్వాత రెండూ కలిపాం, అని బాబాయి పురుగుమందుల వరసలో చెప్పుకొచ్చాడు. పేర్లు తెలియవు. నేను స్కూలు సంచిలోంచి నా కొట్టంతా తీసి బల్లమీద పరిచాను, సీసాలూ రేకులూ. కొన్ని సీసాల్లో రంగునీళ్ళు ఇంకా ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటే చదివింది.

"ఇవన్నీ ఒక్క మనిషికేనా?"

తర్వాత ఆమె చెప్పిన సంగతి ఇది. మన నోట్లో ఎప్పుడూ క్రిములుంటాయి. మంచివి కూర్చున్నంతకాలం బూజు ఓ మూల అణిగి ఉంటుంది. కాలి కోసం వాడిన మందు నోట్లో మంచివాటిని కూడా ఊడ్చేసింది. చోటు ఖాళీ అయ్యేసరికి బూజు లేచింది. ఈ మందులకి బూజు చావదు. దాన్ని చూసి ఇంకా పెద్ద మందు వాడితే ఇంకా లేస్తుంది. "మీరు జాడీ చూసి కనిపెట్టేశారు. మిమ్మల్ని చూసినవాళ్ళు కనిపెట్టలేదు" అంది.

ఆ పైన ఎవరికీ తట్టని పని ఒకటి చేసింది. కట్టు విప్పి, కాలికి మత్తు సూది ఇచ్చి, పుండు కోసి లోపల చూసింది. పటకారుతో బయటికి లాగింది, గోరంత పొడుగున పత్తిమోడు ముక్క. మూడు వారాలుగా లోపల కులాసాగా కూర్చుని, అన్ని కంపెనీల మందులూ రుచి చూసింది అది. దాన్ని బల్లమీద పచ్చడి జాడీ పక్కన పెట్టింది. బాబాయి దాన్ని చూసి, గోడమీద కేలెండరు చూశాడు.

పాత మందులు చాలావరకు ఆపేసి, నోట్లో పూసుకోవడానికి చిన్న సీసా రాసిచ్చింది. తిరుగు బస్సులో సగం దారి దాటాక బాబాయి నోరు విప్పాడు. "ఇది మన తెల్లదోమ లాంటిదేనే అమ్మా. పురుక్కి కొడితే దోమ లేచిన ఏడాదిలాగ." నేను పుట్టక ముందో, పుట్టిన కొత్తలోనో, పురుగు మీద కొట్టిన మందు దోమని తినే పురుగుల్ని కూడా చంపేసి, చేలన్నీ తెల్లదోమతో నిండి, ఆకులు జిగురు పట్టి నల్లగా మాడిపోయాయట. అంటే ఈ సంగతి ఆయనకి అన్నేళ్ళుగా తెలుసు. చేలో తెలిసిన ముక్క గట్టు దాటి ఇంట్లోకి రావడానికి కన్నతల్లి మంచం పట్టాల్సొచ్చింది. పై వారమే వెళ్ళి పత్తికి ఇంకో డబ్బా కొనుక్కొచ్చాడు, వేరే కంపెనీది.

మా ఆరెంపీకి ఈ సంగతంతా చెబితే, నేనూ అదే అనుకున్నా అన్నాడు.

వారం తిరిగేలోపు నాయనమ్మ పెరుగన్నం తింది. పది రోజులకి కాలు నేలమీద మోపింది. మోపిన మొదటి రోజే వీధి అరుగుమీదకి వెళ్ళి కూర్చుంది. ఆడవాళ్ళు చేరారు, మూలింటావిడ కూడా. అయిదిళ్ళ పచ్చళ్ళు పెంటకుప్పలో పడ్డాయి. గుంటూరు సీమలో పుట్టి ఏడాదంతా కొనుక్కొచ్చిన పచ్చడి తినాలి. అంతకన్నా పరువు తక్కువ లేదు.

"ఆ రోజు నా నోరు బాగాలేదు. చెప్పకుండా చూశాను. తప్పు నాదే" అంది నాయనమ్మ.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. నోట్లో నాలుక ఉంది, బాగానే పనిచేస్తోంది. ఒక్క మాట అనలేదు. వాళ్ళందరి గురించీ ఇంతసేపు ఇంత నోరు చేసుకున్నాను కదా, ఆ అరుగుమీద ఉన్నవాళ్ళలో అందరికన్నా నికృష్టం ఎవరో కూడా చెప్పాలి.

మరుసటి ఏడు మూలింటావిడ ఉప్పు చూసింది. కళ్ళు కూడా మూసుకోలేదు, నిలబడే చూసేసింది. ఒక్క జాడీ కూడా చెడలేదు. మాకు పీట వేసేవాళ్ళు లేకుండా పోయారు.

మా ఇంటి పచ్చడి మాత్రం నాయనమ్మే చూసుకుంది. రోటి దగ్గర కూర్చుని నన్ను పిలిచింది. ముద్ద నా నోట్లో పెట్టి, కళ్ళు మూసుకుని చెయ్యి చాచింది. అప్పటికి ఆమె నాలుక నా నాలుక కన్నా బాగుంది. నాకు ఏడుపొచ్చింది. పోయిన ఏడు నేను తప్పు నొక్కానని, మూడో ఇంటి నుంచీ అన్నీ తప్పే నొక్కానని వెక్కుతూ చెప్పేశాను. ఏడాదిపాటు దాచుకున్నది.

నాయనమ్మ కళ్ళు తెరిచింది.

"నాకు తెలుసులేవే. నీ చెయ్యి చెమటలు పట్టింది. నాకూ కాలు సలుపుతోంది, ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది. ఇప్పుడు ఏడుపాపి ఉప్పు సంగతి చెప్పు."

ఒక్కసారి నొక్కాను. చారెడు ఉప్పు తీసి, తను రుచి చూడకుండానే వేసేసింది.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, నోట్లోకి చూసే డాక్టరు ఎవరైనా ఉంటే. ఇందాక మా ఆయన భోజనానికి కూర్చుని, సాంబారులో ఉప్పు చూశావా అని అడిగాడు. గరిటె చివర ఒక చుక్క అరచేతిలో వేసుకుని, నాలుకకి తగిలించుకుని, కళ్ళు మూసుకున్నాను.

"సరిపోయింది" అన్నాను.

నమ్మాడు.